మన చేతిలోని కొలబద్ద

దోహాలో మేము కొంతమంది తల్లిదండ్రులం కలిసి శుక్రవారం సాయంత్రాలు పిల్లలకు తెలుగు చెబుతూ ఉంటాం. దాన్ని బడి అనడం కాస్త పెద్ద మాటే. ఎవరో ఒకరి ఇంటి హాల్లో తివాచీ మీద పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక తెల్లబోర్డు గోడకు ఆనిస్తే అదే మా బడి. ఆ మధ్య ఒక శుక్రవారం నేను పిల్లలకు సోమరిపోతు కథ చెబుతున్నాను. "బారెడు పొద్దెక్కినా వాడు ముసుగు తీయలేదు" అన్నాను.

తొమ్మిదేళ్ళ కుర్రవాడు ఒకడు చెయ్యెత్తాడు.

"అంకుల్, బారెడు అంటే ఎన్ని మీటర్లు?"

"రెండు చేతులూ బార్లా చాపితే ఎంతో అంత నాన్నా. నాకైతే మీటరూ ముప్పావు ఉంటుంది."

"మరి సూర్యుడి దగ్గర టేపు ఎవరు పట్టుకున్నారు?"

పిల్లలంతా గొల్లున నవ్వారు. నేనూ నవ్వేశాను. కానీ జవాబు మాత్రం నా దగ్గర లేదు. ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది, ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్లతో లెక్కలు చేయిస్తున్నాను, చిన్నప్పటి నుంచీ వందసార్లు వాడిన ఒక తెలుగు మాటకు అర్థం మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు! ఆ కుర్రవాడికి జవాబు చెప్పాలని మొదలుపెట్టిన వెతుకులాట నన్ను కౌటిల్యుడి దగ్గరకూ, ఖతార్ ముత్యాల పడవల దగ్గరకూ, చివరికి ఎడారి మీది ధ్రువనక్షత్రం దగ్గరకూ తీసుకెళ్ళింది. ఆ కథే ఈ వ్యాసం.

వేలి నుంచి బార దాకా

ముందు మన పట్టిక ఒకసారి గుర్తు చేసుకుందాం. నాలుగు వేళ్ళు పక్కపక్కన పెడితే బెత్తెడు. మూడు బెత్తెలు ఒక జాన, అంటే అరచెయ్యి బాగా విప్పి పట్టినప్పుడు బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా. రెండు జానలు ఒక మూర, మోచేయి నుంచి నడిమివేలి కొస దాకా. నాలుగు మూరలు ఒక బార. ఇంగ్లీషువాళ్ళ అడుగులు వచ్చాక మూరను అడుగున్నరగా, గజాన్ని రెండు మూరలుగా, బారను ఆరడుగులుగా సర్దుకున్నారు. తొమ్మిది గజాల చీర అన్నా పద్దెనిమిది మూరల చీర అన్నా ఒకటే.

పొడవులే కాదు. వంటింట్లో చిటికెడు పసుపు, గుప్పెడు కందిపప్పు, చారెడు బియ్యం, దోసెడు పిండి. తాగడానికి పుడిసెడు నీళ్ళు. గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం వంటి పాత్రల కొలతలు ఆ తర్వాత సంగతి. లోతు చెప్పాలంటే మోకాలి లోతు, మొలలోతు, పీకలోతు, నిలువు లోతు. కాళ్ళ నుంచి తల దాకా ఒళ్ళంతా ఒక కొలబద్దే! మా నల్లగొండ జిల్లా పల్లెలో మా తాతయ్యకు టేపు ఉన్నట్టు నాకు గుర్తు లేదు. బావి తాడు బారలతో, మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం జానలతో, బావిలో నీళ్ళు నిలువులతో చెప్పేవాడు. పని ఆగిందీ లేదు, తప్పిందీ లేదు.

ఈ పట్టిక ఎంత పాతదో చూడాలంటే కౌటిల్యుడి అర్థశాస్త్రం తెరవాలి. శతాబ్దాల పాటు కనుమరుగైన ఆ గ్రంథం తాళపత్ర ప్రతి 1905లో మైసూరులో ఆర్. శామశాస్త్రి గారి కంటబడింది. 1909లో ఆయన దాన్ని అచ్చు వేయించారు. అందులో రెండో అధికరణంలో కొలతల అధ్యాయం ఉంది. ఎనిమిది యవల మధ్యభాగాలు ఒక అంగుళం. లేదా మధ్యస్థంగా ఉండే మనిషి నడిమివేలి మధ్యభాగం వెడల్పు ఒక అంగుళం. 12 అంగుళాలు వితస్తి, అంటే మన జాన. 24 అంగుళాలు అరత్ని, అంటే మన మూర. నాలుగు అరత్నులు ఒక దండం. 96 అంగుళాలన్న మాట. మన బెత్తె, జాన, మూర, బారల లెక్క కూడా సరిగ్గా 4, 12, 24, 96 వేళ్ళే.

ఇక్కడొక చిత్రం. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ మానవ దేహపు పాళ్ళ గురించి రాశాడు. దాన్ని ఆధారం చేసుకుని 1490 ప్రాంతంలో లియొనార్డో డావిన్చి వేసిన బొమ్మ మనందరికీ తెలుసు, వలయంలో చేతులు చాపి నిలబడ్డ మనిషి. ఆ బొమ్మకు పైభాగంలో రాసుకున్న లెక్క కూడా ఇదే: నాలుగు వేళ్ళు ఒక అరచెయ్యి, ఆరు అరచేతులు ఒక మూర, నాలుగు మూరలు ఒక మనిషి. 96 వేళ్ళు! ఒకరిని చూసి ఒకరు రాసుకోవాల్సిన అవసరం లేదు. మనిషి చెయ్యి ఎక్కడైనా ఒకటే కదా.

తెలుగులో ఈ లెక్కలను శాస్త్రంగా చెప్పినవాడు పావులూరి మల్లన. 11వ శతాబ్దం వాడని పండితులు చెబుతారు. తొమ్మిదో శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని ఆయన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయ భారతం పుట్టిన శతాబ్దంలోనే తెలుగువాడు క్షేత్రాల కొలతలు కూడా తెలుగులో నేర్చుకున్నాడంటే మనం గర్వపడాల్సిన విషయమే. మనం నన్నయను తలచుకున్నంతగా మల్లనను తలచుకోం, అంతే తేడా.

బారకు చుట్టం బాఅ

ఇంతకీ సూర్యుడి దగ్గర టేపు సంగతి తేలలేదు. మా ఆఫీసులో ఒక ఖతారీ సహోద్యోగి ఉన్నాడు. ఆయన తాత ముత్యాల పడవల్లో పనిచేసినవాడు. ఒకరోజు కరక్ చాయ్ తాగుతూ మా కుర్రవాడి ప్రశ్న ఆయనకు చెప్పాను. ఆయన వెంటనే గ్లాసు బల్ల మీద పెట్టి రెండు చేతులూ బార్లా చాపాడు. "దీన్ని మేం బాఅ అంటాం" అన్నాడు. నేను ఒక్క క్షణం మన మాటే విన్నాననుకున్నాను. బారకూ బాఅకూ భాషాపరంగా చుట్టరికం ఏమీ లేదు. చేతులు చాపడం ఒక్కటే ఉమ్మడి. జానను వాళ్ళు షిబ్ర్ అంటారు, మూరను ధిరాఅ అంటారు, వేలిని ఇస్బఅ అంటారు.

చమురు రాకముందు ఖతార్ బతుకు ముత్యాల మీద నడిచింది. వేసవి నెలల్లో పడవలు ముత్యపు చిప్పల తావులకు వెళ్ళేవి. గైస్ అనే ఈతగాడు ముక్కుకు బిళ్ళ బిగించి, కాలికి రాయి కట్టిన తాడుతో దిగేవాడు. పైన సైబ్ అనేవాడు తాడు పట్టుకుని, కింద నుంచి లాగగానే పైకి గుంజేవాడు. లోతు చెప్పింది బాఅలలోనే. తాడును చేత్తో లాగేటప్పుడు ఒక్కో బారగా లెక్క పెట్టడం కంటే సులువైన పద్ధతి ఏముంటుంది? ఇంగ్లీషు నావికుల ఫాథమ్ అన్న మాటకు కూడా మూలార్థం చాచిన చేతులే. కౌటిల్యుడు కూడా తాళ్ళకూ, తవ్వకాల లోతుకూ వ్యామం అని 84 అంగుళాల వేరే కొలత చెప్పాడు. తాడూ లోతూ ఎక్కడ ఉంటే అక్కడ బార ఉంటుందన్న మాట.

ఆ ముత్యాలు మనకు కొత్తవేమీ కావు. ఈ గల్ఫు ముత్యాలే బస్రా ముత్యాల పేరుతో హైదరాబాదు చేరి, మన నగరానికి ముత్యాల నగరమన్న పేరు తెచ్చాయి. జపాన్ పెంపుడు ముత్యాలు, 1929 తర్వాతి ఆర్థిక మాంద్యం కలిసి ఈ వ్యాపారాన్ని కూలదోశాయి. 1939లో దుఖాన్‌లో చమురు పడింది. ఆ చమురే తర్వాత మనబోటి వాళ్ళను ఇక్కడికి రప్పించింది.

మా సహోద్యోగి ఇంకో మాట చెప్పాడు. "సూర్యుడికి మేం టేపు పెట్టలేదు గానీ ఈటె పెట్టాం" అన్నాడు. సూర్యోదయం కాగానే నమాజు చేయకూడదట. పొద్దు ఈటె పొడవున పైకి వచ్చేదాకా ఆగాలి. గడియారంలో చూస్తే పావుగంట అటూ ఇటూ. వాళ్ళకు ఈటెడు పొద్దు, మనకు బారెడు పొద్దు! ఆ ఈటె సూర్యుడి దగ్గర ఉన్నది కాదు, చూసేవాడి కళ్ళ ముందు నేల మీద నిలబెట్టినట్టు ఊహించుకునేది. దిగంతం నుంచి పొద్దు ఎంత ఎత్తున కనిపిస్తోందో చెప్పడానికి తెలిసిన కొలత ఒకటి పక్కన పెట్టుకున్నారు. పైకి పొడవులా కనిపిస్తుంది గానీ నిజానికి అది కోణం. కోణం కాబట్టే అది కాలం కూడా చెబుతుంది. మా కుర్రవాడికి జవాబు దొరికింది: టేపు సూర్యుడి దగ్గర లేదు బాబూ, మన దగ్గరే ఉంది.

కాలం సంగతి వచ్చింది కాబట్టి నీడ మాట కూడా చెప్పాలి. మా తాతయ్య పొలంలో తన నీడ కొస ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకుని, మడమకు బొటనవేలు ఆనిస్తూ తన పాదాలతోనే కొలిచేవాడు. "ఇంకా ఐదడుగుల నీడ ఉంది, బువ్వకు పొద్దు కాలేదు" అనేవాడు. మనిషి ఎత్తు అతని పాదాలతో కొలిస్తే ఆరున్నర నుంచి ఏడు దాకా వస్తుంది. అరబ్బు ఖగోళవేత్తలు సరిగ్గా ఈ ఏడు అడుగులనే నీడల లెక్కకు కొలతగా తీసుకున్నారు. దాంతోపాటే 12 వేళ్ళ శంకువునూ వాడారు. ఆ పన్నెండు వేళ్ళ శంకువు మన దేశపు జ్యోతిషులది. అర్థశాస్త్రంలో 12 అంగుళాల కొలతకు వితస్తితో పాటు ఛాయాపౌరుషం అని ఇంకో పేరు ఉంది. నీడ కోసం నిలబెట్టిన బుల్లి మనిషి! దోహాలో 2008లో తెరిచిన ఇస్లామిక్ కళల మ్యూజియంలో పాతకాలపు ఆస్ట్రోలేబులు చాలా ఉన్నాయి. అలాంటి యంత్రాల వెనకవైపు నీడల లెక్క కోసం చతురస్రం గీసి, దాని అంచులను 12 భాగాలుగానో 7 భాగాలుగానో విభజించేవారు. ఈసారి దోహా మీదుగా ప్రయాణం పడితే తప్పక చూడండి. ఆ ఇత్తడి బిళ్ళల మీద మన జాన, మా తాతయ్య పాదం రెండూ ఉన్నాయి.

ఎవరి మూర?

ఇంతవరకు చదివి, "అయితే మీటర్లు పారేసి మళ్ళీ మూరలకు వెళ్దామంటావా?" అని మీరు అడగవచ్చు. కాదు. మా నాయనమ్మ మాట ఒకటి చెబుతాను. పూలు కొనేటప్పుడు ఆమె ముందు పూలమ్మే మనిషి చేతులు చూసేది. "పొట్టి చేతులామె దగ్గర కొనొద్దు, అదే పైసలకు రెండు పూలు తక్కువొస్తయి" అనేది. మూర మల్లెపూలు ఇవాళ్టికీ అమ్మేవారి మూరతోనే తెగుతాయి.

పూల దగ్గర ఇది నవ్వుకునే సంగతి. భూమి దగ్గర, ధాన్యం దగ్గర నవ్వులాట కాదు. కుంచం నిండా కుప్పగా పోసి కొలవడమా, పైన చెయ్యి గీసి చదునుగా కొలవడమా అన్నది కౌలు రైతుకు ఏడాది తిండి గింజల ప్రశ్న. మన శాసనాల్లో భూమి కొలిచే గడల ప్రస్తావనలు కనిపిస్తాయి. ఒక్కో చోట ఒక్కో గడ. కౌటిల్యుడే మామూలు మూరకు 24 అంగుళాలు పెట్టి, పచ్చిక బయళ్ళ కొలతకు 28, కోటలూ సైనిక శిబిరాల వడ్రంగానికి 42, అటవీ సంపదకు 54 అంగుళాల మూరలు చెప్పాడు. ఏ మూర ఎక్కడ వాడాలో ఏలినవారి చేతిలో ఉన్నప్పుడు, సామాన్యుడి చేతి మూరకు విలువ ఎంత? అందుకే ఆయన "మధ్యస్థంగా ఉండే మనిషి" అన్న షరతు పెట్టాడు. ఎవరి వేలు అన్న తగువు అప్పటికే ఉందన్న మాట.

ఈ తగువుకు 16వ శతాబ్దపు జర్మనీలో యాకోబ్ క్యోబెల్ అనే ఆయన తన క్షేత్రగణిత పుస్తకంలో ముచ్చటైన పరిష్కారం రాశాడు. ఆదివారం చర్చి నుంచి బయటికి వచ్చే మగవాళ్ళలో పదహారు మందిని, పొడుగూ పొట్టీ ఎంచకుండా ఆపండి. ఎడమ పాదాలు ఒకదాని వెనక ఒకటి ఆనించి నిలబెట్టండి. ఆ మొత్తం పొడవు ఒక కొలగడ. దానిలో పదహారో వంతు న్యాయమైన అడుగు. ఇవాళ మనం స్టాటిస్టిక్స్‌లో సగటు అని నేర్చుకునేది ఇదే.

చివరికి మనిషి ఒంటిని పక్కన పెట్టి, 1791లో ఫ్రెంచివారు భూగోళాన్నే కొలబద్దగా తీసుకుని మీటరును నిర్ణయించారు. మన దేశంలో 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలోలు, మీటర్లు వచ్చి 1962 నాటికి తప్పనిసరి అయ్యాయి. రాజు మూర, దొర కుంచం పోయి, అందరికీ ఒకే మీటరు. పేదవాడికి మేలు చేసిన మార్పుల్లో ఇదొకటని నేను నమ్ముతాను.

కానీ ఆ మార్పులో మనకు తెలియకుండానే ఒకటి జారిపోయింది. దాని విలువ నాకు నా తప్పు వల్లే తెలిసింది.

రెండు వందల నలభై

కొన్నేళ్ళ క్రితం ఉగాది కార్యక్రమానికి వేదిక వెనక కట్టే బ్యానరు బాధ్యత నాది. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. నేను కంప్యూటరులో డిజైను చేసి, అంగుళాల్లోకి మార్చి 240, 120 అని పంపాను. పక్కన అంగుళాలని రాయలేదు. ఇక్కడ ప్రింటు చేసేవారు సెంటీమీటర్లలో పనిచేస్తారు. ఫారంలో సంఖ్యలు సరిపోయాయి, తెర మీద బొమ్మ సరిగ్గా కనిపించింది, రశీదు వచ్చింది. నేను నాలుగుసార్లు సరిచూసుకున్నాను కూడా! నాలుగుసార్లూ 240 ని 240 తోనే సరిచూశాను.

కార్యక్రమం ముందు రోజు సాయంత్రం చుట్ట తెచ్చి కారులో వేసుకున్నాను. వేదిక కట్టడానికి సాయం చేస్తున్న జగిత్యాల వైపు వడ్రంగి అన్న ఒకాయన కారు డిక్కీ తీశాడు. చుట్ట విప్పలేదు. దాని పక్కన మోచెయ్యి ఒకసారి ఆనించి చూశాడు.

"సారూ, పది ఫీట్ల ఎత్తు అన్నరు గద. గీ చుట్ట మూడు మూరలు గూడ లేదు."

విప్పి చూస్తే ఎనిమిది అడుగుల వెడల్పు కూడా లేదు. వేదిక మీద తువ్వాలు ఆరేసినట్టు ఉంది. ఆ రాత్రికి రాత్రి మళ్ళీ ప్రింటు వేయించుకున్నాం. డబ్బు నా జేబులోంచే పోయింది, న్యాయమే. కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది డబ్బు కాదు. ఆ చుట్టను దుకాణం నుంచి భుజాన వేసుకుని మోసుకొచ్చింది నేను. అది నా భుజం మీద ఉన్నంతసేపూ నా చెయ్యి నాకు ఏమీ చెప్పలేదు. పెద్దగా చదువుకోని ఆ అన్న చేతికి మాత్రం ఒక్క క్షణంలో తెలిసింది. ఆయనకు పది అడుగులంటే ఒక సంఖ్య కాదు, దాదాపు ఏడు మూరలు. నాకు 120 అంటే ఉత్త 120.

ఇది నా ఒక్కడి కథే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. 1999 సెప్టెంబరు 23న నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర నాశనమైంది. ఒక సాఫ్ట్‌వేరు ఫలితాలను పౌండ్-సెకన్లలో ఇచ్చింది, వాటిని తీసుకున్న సాఫ్ట్‌వేరు న్యూటన్-సెకన్లు అనుకుంది. నాలుగున్నర రెట్ల తేడా. 200 కిలోమీటర్లకు పైన వెళ్ళాల్సిన నౌక సుమారు 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయింది. నా బ్యానరుదీ అదే జబ్బు, ఖర్చులోనే తేడా. సంఖ్య ఎంత కచ్చితంగా ఉన్నా, అది ఎంత ఉండాలో ముందే ఒక అంచనా లేకపోతే తప్పు కంటికి కనబడదు. మీటరు మనకు న్యాయం ఇచ్చింది. తప్పును పట్టే చూపు మాత్రం చేతి కొలతలోనే ఉండిపోయింది. పిల్లలకు రెండూ కావాలి.

మా తరగతిలో చేసినవి

ఆ తర్వాత మా శుక్రవారపు బడిలో ఒక నెలంతా కొలతలే. మీ ఊళ్ళల్లో తెలుగు చెప్పేవారికి పనికొస్తాయేమోనని కొన్ని రాస్తున్నాను.

మొదటిది, ఎవరి కొలబద్ద వారిది. ప్రతి పిల్లా పిల్లవాడూ తన బెత్తెడు, జాన, మూర, బార, పాదం సెంటీమీటర్లలో కొలుచుకుని నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి. నావి జాన 22, మూర 46, బార 172. పిల్లల సంఖ్యలు వేరు. కానీ ఎవరి జానలు రెండు వాళ్ళ మూరకు దగ్గరగా వస్తాయి, ఎవరి బార వాళ్ళ ఎత్తుకు దగ్గరగా వస్తుంది. ఇది చూసి పిల్లలు పొందిన ఆశ్చర్యం నేను మరిచిపోలేను. ఆరు నెలలకోసారి ఆ పేజీ తిరగరాయాలి, ఎందుకంటే కొలబద్దలు పెరుగుతుంటాయి!

రెండోది, ముందు నోటితో అంచనా, తర్వాత చేత్తో కొలత, చివర టేపు. ఈ వరుస తప్పకూడదు. తలుపు ఎత్తు ఎంత? సోఫా లిఫ్టులో పడుతుందా? అంచనా తప్పితే మార్కులు పోవు. చెప్పకుండా నేరుగా టేపు తీస్తేనే పోతాయి.

మూడోది, క్యోబెల్ గారి వరుస. సముద్రపు ఒడ్డు పిక్నిక్కులో పెద్దలనూ పిల్లలనూ కలిపి పదహారు మంది చొప్పున రెండు వరుసలు కట్టించాం. పాదాల్లో జానెడు పాదం ఉంది, మూరలో ముప్పాతిక పాదం ఉంది. అయినా రెండు వరుసల పదహారో వంతులకూ తేడా సెంటీమీటరు లోపే వచ్చింది. ఒక్కరి పాదం అన్యాయం చేయవచ్చు గానీ పదహారు మంది కలిస్తే న్యాయానికి దగ్గరగా వస్తారని పిల్లలకు వేరే చెప్పనక్కరలేకపోయింది.

నాలుగోది, వంట. ఒక అమ్మ తన చిటికెడు ఉప్పును, గుప్పెడు పప్పును త్రాసు మీద పెట్టి చూపించారు. ఐదుసార్లు తీస్తే ఐదుసార్లూ ఇంచుమించు అంతే. చెయ్యి తిరిగిన వంట అన్న మాటకు అర్థం ఆ రోజు పిల్లలకు తెలిసింది.

ఐదు వేళ్ళ దూరం

చివరి పాఠం చలికాలంలో ఒక రాత్రి. దోహా వెలుగులకు దూరంగా, పడమటి తీరాన జెక్రీత్ వైపు ఎడారిలోకి వెళ్ళాం. పిల్లలకు ధ్రువనక్షత్రం చూపించి చెయ్యి పూర్తిగా చాపి పిడికిలి బిగించమన్నాను. చాచిన చేతి చివర పిడికిలి దాదాపు 10 డిగ్రీలు. దిగంతం మీద ఒక పిడికిలి, దాని మీద ఇంకొకటి. ఎన్ని పిడికిళ్ళు?

"రెండున్నర!" అని అరిచారు. ఆరేళ్ళ పిల్లకూ రెండున్నరే, నాకూ రెండున్నరే. "నా పిడికిలి చిన్నది కదా?" అని ఆ పిల్ల అడిగింది. పిడికిలి చిన్నదైతే చెయ్యి కూడా పొట్టిదే కదమ్మా, అందుకే సరిపోయింది! మూర విషయంలో వేల ఏళ్ళు నడిచిన తగువు ఆకాశం దగ్గర ఇట్టే తీరిపోయింది. ఇక్కడ ఎవరి చెయ్యి అన్న ప్రశ్నే లేదు.

ధ్రువనక్షత్రం ఎత్తే మనం ఉన్న చోటి అక్షాంశం. దోహాది 25 డిగ్రీలు. నల్లగొండది 17, అంటే పిడికిలీ ముప్పావు. మీలో షికాగోలో ఉన్నవారికి నాలుగు పిడికిళ్ళకు కాస్త పైన, డల్లాస్‌లో ఉన్నవారికి మూడుంబావు. అరబ్బు నావికులు దీన్నే నమ్ముకుని మన తీరాలకు వచ్చి వెళ్ళారు. 15వ శతాబ్దపు నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ వృత్తాన్ని 224 ఇస్బఅలుగా, అంటే వేళ్ళుగా లెక్కించాడు. కమాల్ అనే చిన్న చెక్కముక్కకు ముడులు వేసిన తాడు కట్టి, తాడు కొస పళ్ళతో పట్టుకుని చుక్క ఎత్తు చూసేవారు. తన ఊరి ముడి ఏదో తెలిస్తే చాలు. చుక్క ఆ ఎత్తుకు వచ్చేదాకా ఉత్తరానికో దక్షిణానికో వెళ్ళి, ఆ తర్వాత ఆ ఎత్తు తప్పకుండా తూర్పుకో పడమటికో సాగితే ఇల్లు వస్తుంది.

అక్కడే ఇసుక మీద కూర్చుని లెక్క వేశాం. 360ని 224తో భాగిస్తే ఒక వేలు 1.6 డిగ్రీలు. దోహాకూ నల్లగొండకూ తేడా 8 డిగ్రీలు. అంటే ఐదు వేళ్ళు.

మా కుర్రవాడు, సూర్యుడికి టేపు ఎవరు పెట్టారని అడిగిన వాడే, తన అరచెయ్యి చుక్క కింద పట్టి చూసుకున్నాడు. "అంతేనా అంకుల్, తాతయ్యా వాళ్ళ ఊరు?" అన్నాడు. విమానం టికెట్లో కిలోమీటర్లు ఎన్నోసార్లు చూసి ఉంటాడు. ఆ దూరం వాడి చేతికి అందింది మాత్రం ఆ రాత్రే.

ఈ సంచిక ఇప్పుడు మీ చేతిలో ఉంది కదా. పేజీ ఎన్ని జానల పొడవు ఉంటుందో ముందు అంచనా వేయండి, తర్వాత కొలిచి చూడండి. పక్కన మీ పిల్లలో మనవలో ఉంటే వాళ్ళ చేత కూడా కొలిపించండి. జాన, బెత్తె, మూర, బార అన్న మాటలు నిఘంటువులో బతకవు. అవి చేతుల్లోనే బతకాలి.